ఖబర్దార్ అన్న మాటకు విలువెంత? లైనక్స్‌లో ఒక బహస్ తారీఖ్

చాలా ఖాందాన్లలో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కొలువు చేసే బేటానో బేటీనో ఒకరైనా ఉంటున్నారు. "బిల్డ్ ఫెయిలయ్యింది అమ్మీ, కాసేపాగి తింటా" అని గదిలోంచి కేకేస్తారు. ఫెయిలయ్యిందేమిటో, అది ఎవరి తప్పో దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నవాళ్లకు అర్థం కాదు. ఇవాళ రాస్తున్న తారీఖ్ దాని గురించే. ఇందులో నవాబులు లేరు, జంగ్‌లు లేవు. ఒక భారీ ప్రోగ్రామ్ మీద కంపైలర్ ఇచ్చే హెచ్చరికల్ని ఏం చేయాలన్న బహస్ ఉంది. ఏళ్ల తరబడి నడుస్తోంది, ఫైసలా ఇంకా కాలేదు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని లోపల నడిచే లైనక్స్ కెర్నెల్ ఈ బహస్‌లో నలిగి వచ్చిందే. కాబట్టి పరాయివాళ్ల కిస్సా అనుకోకండి.

ముందు కంపైలర్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. అది ఒక తర్జుమాన్. మనిషి సి భాషలో రాసిన ఇబారత్‌ను యంత్రానికి అర్థమయ్యే అంకెల్లోకి తర్జుమా చేస్తుంది. రాసిన జుమ్లా బొత్తిగా తప్పయితే "ఇది నా వల్ల కాదు" అని పని ఆపేస్తుంది. దాన్ని ఎర్రర్ అంటారు. జుమ్లా కాయిదా ప్రకారం సరిగ్గానే ఉండి, రాసినవాడి ఉద్దేశం మీద షక్ వస్తే "సాహెబ్, మీరు నిజంగా ఇదే అనదలిచారా? సరే, చేసేస్తున్నా, ఖబర్దార్" అంటుంది. ఇది వార్నింగ్. పని ఆగదు. మొత్తం తకరారు ఈ రెండో రకం మీదే. ఎర్రర్‌ను పట్టించుకోకుండా ముందుకు పోలేం. వార్నింగ్‌ను పట్టించుకోకుండా ఎంత దూరమైనా పోవచ్చు.

అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో సి భాషను తయారుచేశాడు. ఆ జమానా యంత్రాల్లో జ్ఞాపకశక్తి చాలా తక్కువ. తర్జుమాన్ గబగబా పని ముగించాలి తప్ప ప్రతి జుమ్లా దగ్గరా ఆగి ఆరా తీసే తీరిక దానికి లేదు. పైగా సి భాషకు రాసేవాడి మీద నమ్మకం ఎక్కువ. "నువ్వు రాశావంటే తెలిసే రాశావు" అన్నది దాని మిజాజ్. ఈ నమ్మకం వల్ల ఎంత మేలు జరిగిందో అంత నుక్సానూ జరిగింది.

అందుకే అక్కడే పనిచేసే స్టీఫెన్ జాన్సన్ 1978 నాటికి లింట్ అనే వేరే ప్రోగ్రామ్ రాశాడు. కొత్త బట్టకు అంటుకుని ఉండే దూది పీచును ఇంగ్లిష్‌లో లింట్ అంటారు. దర్జీ షేర్వానీ కుట్టాక ఆ పీచుల్ని ఏరి, దులిపి ఇస్తాడు చూడండి, ఆ పనే ఈ ప్రోగ్రామ్ చేసేది. కంపైలర్ తర్జుమా చేస్తుంది, లింట్ తప్పులు వెతుకుతుంది, ఎవరి పని వాళ్లది. ఈ ఏర్పాటులో ఒక లోపం మొదటినుంచీ ఉంది. లింట్‌ను విడిగా, గుర్తుపెట్టుకుని నడపాలి. ఆ ఆదత్ ఉన్నవాళ్లు తక్కువ. మెల్లగా ఆ తనిఖీలు ఒక్కొక్కటే కంపైలర్ లోపలికే వచ్చి చేరాయి. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీ కంపైలర్‌ను విడుదల చేశాక, ఎవరికి ఏ హెచ్చరిక కావాలో మీటలు నొక్కి ఎంచుకునే దస్తూర్ స్థిరపడింది. వాటిలో అన్నిటికన్నా పేరున్న మీట డబ్ల్యూ-ఆల్. ఆల్ అంటే అన్నీ కదా? కాదు. అందులో కొన్నే ఉంటాయి. మిగిలినవాటిలో కొన్నింటికి డబ్ల్యూ-ఎక్స్‌ట్రా అని మరో మీట ఉంది, అది నొక్కినా ఇంకా మిగిలిపోతాయి. పేరు ఒకటి, మాయనా మరొకటి. కొత్తగా నేర్చుకునే పిల్లలు డబ్ల్యూ-ఆల్ నొక్కి నిశ్చింతగా పడుకుంటారు, అది గఫ్లత్.

ఆ గఫ్లత్ ఎంత ఖరీదో 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీకి తెలిసొచ్చింది. ఐఫోన్ ఒక వెబ్‌సైట్ అసలుదో నకిలీదో పరీక్షించే చోట "గోటు ఫెయిల్" అనే ఒకే లైను పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది షరతుకు కట్టుబడి ఉంది. రెండోది ఏ షరతూ లేకుండా ప్రతిసారీ నడుస్తుంది. దాంతో ఆ తర్వాత ఉన్న అసలు పరీక్ష జరగకుండానే "అంతా ఠీక్" అన్న జవాబు వెళ్లిపోయేది. ఫోన్‌కూ బ్యాంకుకూ మధ్య నిలబడి చాటుగా వినేవాడికి దారి తెరిచినట్టే. ఆ రెండో లైను కింద ఉన్న కోడ్‌కు ఎప్పటికీ చేరుకోలేమని క్లాంగ్ కంపైలర్ పట్టేయగలదు. ఆ హెచ్చరిక డబ్ల్యూ-ఆల్‌లో లేదు, విడిగా అడగాలి. జీసీసీలో అదే పేరుతో మీట ఉంది కానీ దాని వెనక పనిచేసే భాగాన్ని అప్పటికే తీసేశారు. నొక్కితే నోరెత్తకుండా ఊరుకుంటుంది! తర్వాత 2016లో జీసీసీ 6 వచ్చినప్పుడు, చూపుకు ఒకలా అర్థానికి మరోలా ఉండే ఇలాంటి లైన్లను పట్టే కొత్త హెచ్చరికను డబ్ల్యూ-ఆల్‌లోనే చేర్చారు.

ఇది చదివినవాళ్లెవరైనా "అయితే హెచ్చరికలన్నీ పెట్టేసుకుని, ప్రతిదాన్నీ దిద్దేస్తే సరిపోతుంది కదా" అంటారు. అక్కడే ఇంకో కిస్సా అడ్డం వస్తుంది. నా లెక్కలో ఈ తారీఖ్ మొత్తంలో అందరూ చదవాల్సిన పాఠం ఇదే.

డెబియన్ అనేది లైనక్స్ పంపిణీల్లో బాగా పేరున్నది. 2006లో దానికి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీ చూసే వాలంటీర్‌కు ఒక తనిఖీ సాధనం తరచూ హెచ్చరికలు చూపించింది. విలువ నింపని జ్ఞాపకశక్తిని ఈ ప్రోగ్రామ్ వాడుతోంది అని దాని షికాయత్. అది కంపైలర్ హెచ్చరిక కాదు, ప్రోగ్రామ్ నడుస్తుండగా చూసే సాధనం ఇచ్చింది, కానీ మస్‌అలా అదే జాతిది. ఆయన మంచి నీయత్‌తోనే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వాళ్లను అడిగాడు, గట్టిగా కాదన్నవాళ్లు లేరు. రెండు లైన్లను కామెంటులో పెట్టేశాడు. హెచ్చరిక ఆగిపోయింది. ఆ రెండింటిలో ఒకటి, రహస్య తాళంచెవులు తయారుచేయడానికి కావలసిన యాదృచ్ఛిక సంఖ్యల గోలెంలోకి అసలు సరుకు పోసే లైను. అది పోయాక గోలెంలో మిగిలింది ప్రాసెస్ నంబర్ ఒక్కటే. ఆ నంబర్లు 32,768కి మించవు. అంటే కోట్లానుకోట్ల రకాల చెవులు రావాల్సిన చోట, ఒక్కో రకం యంత్రంలో ఒక్కో కొలతకు ముప్ఫై రెండువేల చిల్లర చెవులే రాసాగాయి. అన్నీ ముందే చేసి గుత్తిగా పెట్టుకుని ఏ సర్వర్ తాళమైనా తీయొచ్చు. ఇది 2008 మే నెలలో లూసియానో బెల్లో అనే డెబియన్ డెవలపర్ కనిపెట్టేదాకా దాదాపు రెండేళ్లు ఎవరికీ తెలియలేదు. ఆ మధ్యలో డెబియన్‌లోనూ, దాని మీద ఆధారపడ్డ ఉబుంటులోనూ చేసిన చెవులన్నీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది.

ఇల్లు దొంగలు పడి పోవడం వేరు. కాపలా కుక్క మొరుగుతోందని దాని నోరు కట్టబోయి, చెయ్యి తగిలి తలుపు గడియ ఊడిపోవడం వేరు. ఇది రెండో రకం.

హెచ్చరికల విషయంలో ఈ రెండు వైపులా కళ్లముందు పెట్టుకుని లైనక్స్ కెర్నెల్ దగ్గరకు వద్దాం. 1991లో హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినప్పుడు అది పదివేల లైన్ల పని. ఇప్పుడు 3 కోట్ల లైన్లు దాటింది. వేలమంది రాస్తారు, రకరకాల ప్రాసెసర్లకు తర్జుమా అవుతుంది, జీసీసీ, క్లాంగ్ అని రెండు తర్జుమాన్లు, వాటిలో మళ్లీ పాతవీ కొత్తవీ. ఒక తర్జుమాన్‌కు సాఫీగా అనిపించిన జుమ్లా ఇంకొకదానికి షక్‌గా కనిపిస్తుంది. కాబట్టి "ఈ కోడ్‌లో ఎన్ని హెచ్చరికలున్నాయి" అన్న సవాల్‌కు ఒక్క జవాబు ఉండదు. ఎవరి యంత్రంలో, ఏ కంపైలర్‌తో, ఏ సెట్టింగులతో అని తిరిగి అడగాలి.

ఇంత పెద్ద కోడ్‌లో హెచ్చరికల నీడన ఏమేం దాక్కోవచ్చో 2003 నవంబర్‌లో తేలింది. కెర్నెల్ కోడ్ నకలు ఒకదానిలోకి ఎవరో చొరబడి రెండు లైన్లు చేర్చారు. చూడ్డానికి "ఈ మనిషి యజమానేనా" అని పోల్చి చూస్తున్నట్టు ఉంటుంది. సి భాషలో పోల్చడానికి సమానం గుర్తు రెండుసార్లు పెట్టాలి. అక్కడ ఒకటే ఉంది. ఒకటుంటే అర్థం పోల్చడం కాదు, "ఈ మనిషిని యజమానిగా చేసేయ్" అని. అడిగినవాడికి యంత్రం మొత్తం అప్పగించే చోర్ దర్వాజా అన్నమాట. మామూలుగా ఇలాంటి చోట జీసీసీ హెచ్చరిస్తుంది. కానీ "నేను కావాలనే ఒక్క గుర్తు పెట్టాను" అని చెప్పదలిస్తే దాని చుట్టూ అదనంగా బ్రాకెట్లు పెట్టాలన్నది దస్తూర్. చొరబడ్డవాడు బ్రాకెట్లు పెట్టాడు. హెచ్చరిక రాలేదు. మూలప్రతికీ నకలుకూ తేడా ఉందని లెక్క సరిచూసే ఏర్పాటు పట్టుకుంది కానీ, కంపైలర్ కాదు. అసలు కోడ్‌లోకి అది చేరనేలేదు. తర్జుమాన్‌ను ఎలా మౌనంగా ఉంచాలో మంచివాడికి తెలిసినంత చెడ్డవాడికీ తెలుసు మరి.

టోర్వాల్డ్స్ హెచ్చరికలకు దుష్మన్ కాదు, ముజావర్ కూడా కాదు. ఆయన ధోరణి మొదటినుంచీ ఒకటే. పనికొచ్చే హెచ్చరిక కావాలి, ఊరికే అరిచేది వద్దు. గుర్తున్న అంకెనూ గుర్తులేని అంకెనూ పోల్చితే వచ్చే సైన్-కంపేర్ హెచ్చరిక మీద ఆయనకు కోపం ఎక్కువ. అమాయకమైన లూపు మీద కూడా అది అరుస్తుంది. దాన్ని ఊరుకోబెట్టడానికి జనం బలవంతపు మార్పిడులు గుప్పిస్తారు. ఆ మార్పిడులతో రేపు నిజమైన గలతీ వచ్చినా కంపైలర్ కళ్లకు గంతలే. కెర్నెల్ మామూలు బిల్డ్‌లో ఆ హెచ్చరిక ఉండదు.

ఇలాంటిదే, ఇంతకన్నా ముదిరిన తగాదా మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్ అనే హెచ్చరికది. "ఈ పెట్టెలో ఏమీ వేయకుండానే బయటికి తీస్తున్నావేమో" అని దాని గుమాన్. పేరులోనే "మేబీ" ఉంది, అంటే షాయద్. నిజంగా ఖాళీ పెట్టెను పట్టుకున్న రోజులున్నాయి, అదీ నిజమే. కానీ కోడ్‌ను ఎంత గట్టిగా కుదించమని కంపైలర్‌కు చెప్పారన్నదాన్ని బట్టి ఆ గుమాన్ మారిపోతుంది. టోర్వాల్డ్స్ 2016 జులైలో దాన్ని ఆపేశాడు. అర్న్డ్ బెర్గ్‌మన్ అనే మెయింటైనర్ ఓపికగా ఒక్కో చోటా దిద్దుకుంటూ వచ్చి, అదే సంవత్సరం చివర్లో మళ్లీ పెట్టించాడు. 2020 మే నెలలో జీసీసీ 10కు మారిన టోర్వాల్డ్స్ ముందు మళ్లీ హెచ్చరికల కుప్ప పడింది. ఈసారి మామూలు బిల్డ్‌లోంచి పూర్తిగా తీసేసి, కావాలని అడిగినవాళ్లకే చూపించే వరసలోకి నెట్టేశాడు. నాకు బెర్గ్‌మన్ సబర్ మీద ఇజ్జత్ ఉంది. అయినా ఈ ఫైసలా సరైనదనే అనుకుంటాను. ఎందుకంటే ఈ హెచ్చరిక వస్తే అందరూ చేసేది ఒకటే, పెట్టెలో ముందే ఒక సున్నా పడేస్తారు. హెచ్చరిక పోతుంది. రేపు అసలు విలువ వేయడం మరిచిపోయినా కంపైలర్ ఇక ఏమీ అనదు, పెట్టెలో సున్నా ఉంది కదా! డెబియన్ కథకు ఇది చిన్న తమ్ముడు.

అలాగని హెచ్చరికలన్నీ ఓడిపోలేదు. నడుస్తుండగా కొలత తేలే అర్రేలను కెర్నెల్ నుంచి ఏరిపారేయాలని 2018లో తీర్మానించారు. కెర్నెల్‌కు ఇచ్చే స్టాక్ చాలా ఇరుకు. మన కంప్యూటర్లలో వాడే 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో 16 కిలోబైట్లే. కొలత తెలియని సామాను దాంట్లో కుక్కితే ఎప్పుడో పక్కకు పొర్లుతుంది. కీస్ కుక్ ముందుండి నడిపించగా చాలామంది ఒక్కోటీ తీసేశారు. సంవత్సరాంతానికి వచ్చిన 4.20 వెర్షన్ నుంచి ఎవరైనా మళ్లీ అలాంటిది పెడితే హెచ్చరిక వస్తుంది. ఆ వెంటనే స్విచ్ కేసుల వంతు. ఒక కేసు ముగిశాక బ్రేక్ అని రాయకపోతే పని కింది కేసులోకి జారిపోతుంది. కావాలని జారనిచ్చారా, మరిచిపోయారా? గుస్తావో సిల్వా వేల చోట్ల ఆ కోడ్ చదివి, కావాలని చేసినచోట ఆ మాట రాసి, మరిచిపోయినచోట దిద్దాడు. 2019 సెప్టెంబర్‌లో 5.3 వెర్షన్‌తో ఆ హెచ్చరిక కెర్నెల్ అంతటా మొదలైంది. వెతుకులాటలో నిజమైన గలతీలు కూడా బయటపడ్డాయి. ఆ తర్వాత క్లాంగ్ దగ్గర మళ్లీ చిక్కొచ్చింది. జీసీసీ కామెంట్‌లో రాసిన మాటను కూడా ఒప్పుకుంటుంది, క్లాంగ్ ఒప్పుకోదు. కామెంట్లన్నీ మార్చి ఒక కొత్త లఫ్జ్‌గా రాయాల్సి వచ్చింది. పని చేసిన తీరు చూడండి. ముందు ఇల్లు శుభ్రం చేసి, ఆ తర్వాత హెచ్చరిక పెట్టారు.

2021 సెప్టెంబర్‌లో జరిగింది దీనికి ఉల్టా.

5.15 వెర్షన్ కోసం కొత్త మార్పులు కలుపుకుంటున్న రోజులవి. సెప్టెంబర్ 5న టోర్వాల్డ్స్ ఒక చిన్న మార్పు పెట్టాడు. ఇకనుంచి అందరి బిల్డ్‌లోనూ డబ్ల్యూ-ఎర్రర్ అనే మీట నొక్కే ఉంటుంది. ఈ మీట పని ఏంటంటే, వచ్చిన ప్రతి హెచ్చరికనూ ఎర్రర్‌గా మార్చడం. "ఖబర్దార్" అన్న ప్రతి మాటా "ఆగు" అన్న హుకుం అయిపోతుంది. ఆయన చిరాకుకు సబబు ఉంది. తను పుల్ చేసుకున్న ప్రతిసారీ బిల్డ్ చేసి చూసుకుంటాడు. తన దగ్గర హెచ్చరికలు ఉండకూడదన్నది నియమం. కానీ కింది మెయింటైనర్లు పంపే కోడ్‌తో హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. రోబోలు రాత్రింబవళ్లు బిల్డ్ చేసి ఈమెయిళ్లు పంపుతున్నా చదివే దిక్కులేదు. "నాన్నా పులి" అని రోజూ అరిచే పిల్లాడి గతే పట్టింది ఆ ఈమెయిళ్లకు. పది పాత హెచ్చరికల మధ్య పదకొండోది ఎవరి కంటా పడదు. నిజంగా ఖతర్ ఉన్నది ఆ పదకొండోదే కావచ్చు. మీట నొక్కేస్తే ఇక చూడక తప్పదు. పవర్‌పీసీ విభాగం వాళ్లు తమ వాటాలో ఈ పద్ధతి ఏళ్ల కిందటే పెట్టుకున్నారు కూడా.

మీట పడగానే ఇంటెల్, ఏఎండీ యంత్రాలు కాని చోట్ల బిల్డ్‌లు టపటపా రాలాయి. అనేక ప్రాసెసర్ల మీద కెర్నెల్‌ను క్రమం తప్పకుండా పరీక్షించే గుంటర్ రోక్ ఫలితాల్లో వైఫల్యాల వరస పొడుగైంది. ఆయన అన్నది గమనించాల్సిన మాట. బిల్డే కాకపోతే ఆ కెర్నెల్‌ను బూట్ చేసి పరీక్షించే అవకాశమే ఉండదు. అంటే చిన్న గలతీ మీద పట్టుదలకు పోతే, పెద్ద గలతీని పట్టే జల్లెడ మూలనపడుతుంది. క్లాంగ్ వైపు వాళ్లది ఇంకో బాధ. వాళ్ల తర్జుమాన్‌కు కనిపించే షక్‌లు టోర్వాల్డ్స్ యంత్రంలో కనిపించవు. ఆయన దగ్గర సాఫీగా ఉన్న కోడ్ వాళ్ల దగ్గర ఆగిపోతుంది. వీటన్నిటికన్నా నాకు బరువుగా తోచేది మామూలు వాడుకరి గోడు. ఎక్కడో ఉన్న ఒక మనిషి ఇవాళ్టి కెర్నెల్‌ను రెండేళ్ల తర్వాత వచ్చిన కొత్త కంపైలర్‌తో బిల్డ్ చేసుకుంటాడు. కొత్త కంపైలర్‌కు కొత్త షక్‌లుంటాయి. ఆ కోడ్ అతను రాయలేదు, దిద్దే తెలివీ అతనికి ఉండనక్కర్లేదు. జిమ్మేదారీ రాసినవాడిది, సజా ఇతనికి.

మూడు రోజులు తిరక్కుండానే, సెప్టెంబర్ 8న, మార్కో ఎల్వర్ రాసిన సవరణ లోపలికి వచ్చింది. మీట ఉంటుంది. కాకపోతే కంపైల్ టెస్ట్ అనే సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లకే, అంటే పరీక్ష కోసమే బిల్డ్ చేసేవాళ్లకే, దానంతటది నొక్కుకుంటుంది. సొంత వాడకానికి బిల్డ్ చేసుకునేవాడికి హెచ్చరిక హెచ్చరికలాగే కనిపిస్తుంది, కావాలంటే అతనే మీట నొక్కుకోవచ్చు. పరీక్షించేవాడికి హుకుం, వాడుకునేవాడికి మష్వరా. ఇంత ఇన్సాఫ్‌గా కుదిరిన రాజీ ఈ తారీఖ్‌లో ఇంకోటి నాకు కనిపించలేదు. ఆ గొడవ వల్ల మేలు కూడా జరిగింది. చాలా ప్రాసెసర్ల కోడ్‌లో ఏళ్లుగా పడివున్న హెచ్చరికలు వారాల్లో శుభ్రమయ్యాయి. టోర్వాల్డ్స్ కూడా కూర్చుని కొన్ని దిద్దాడు.

కంపైలర్ల వైపు కూడా ఈ మధ్య పట్టు బిగిసింది. ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడం 1999 నాటి సి ప్రమాణంలోనే కాయిదాకు బయట పడింది. జీసీసీ మాత్రం హెచ్చరించి ఊరుకునేది. 2024 మే నెలలో వచ్చిన జీసీసీ 14 దాన్ని ఎర్రర్ చేసింది. ఖబర్దార్ నుంచి హుకుం దాకా రావడానికి పాతికేళ్లు.

కెర్నెల్‌లో మాత్రం ఆ మీట చుట్టూ కథ తిరుగుతూనే ఉంది. 2025 ఏప్రిల్‌లో టోర్వాల్డ్స్ తన యంత్రాన్ని జీసీసీ 15కు మార్చుకున్నాడు. అక్షరాల వరస చివర సున్నా పట్టేంత చోటు లేకుంటే అరిచే కొత్త హెచ్చరిక అందులో ఉంది. కెర్నెల్‌లో అలాంటి వరసలు కావాలనే పెట్టినవి చాలా ఉన్నాయి. తన దగ్గర బిల్డ్ ఆగడంతో విడుదల ముందు ఆయన గబగబా అక్కడక్కడా గుర్తులు పెట్టాడు. అవి పాత జీసీసీలకు నచ్చక అక్కడ ఇబ్బంది తెచ్చాయి. ఆ పని కోసం ముందే ప్యాచ్‌లు సిద్ధం చేసి వరసలో పెట్టిన కీస్ కుక్, అడగకుండా ఇలా చేశారేంటని నిలదీశాడు. ఇద్దరి మధ్య మాటలు కాస్త ఘాటుగానే నడిచాయి. చివరికి టోర్వాల్డ్స్ ఆ హెచ్చరికనే పూర్తిగా ఆపేస్తూ ఇంకో మార్పు పెట్టాడు. దాని శీర్షికలో "ప్రస్తుతానికి" అని కూడా రాశాడు.